తమ ఘనతను తామే నమోదు చేసుకోవలసి వచ్చిన వారు: టెన్నెసీ స్టేట్‌లో పూర్వ క్రీడాకారుల సత్కారం

అమెరికాలోని నల్లజాతి విశ్వవిద్యాలయాల్లో ఏటా శరదృతువులో హోమ్‌కమింగ్ పేరుతో పూర్వ విద్యార్థుల పండుగ జరుగుతుంది. ఊరేగింపు, మార్చింగ్ బ్యాండ్, అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ, పాత సహాధ్యాయుల కలయికలతో ఆ వారమంతా ఆవరణ కిటకిటలాడుతుంది. చాలా చోట్ల ఆ సందర్భంలోనే ఒక సాయంత్రం విందు ఏర్పాటు చేసి, పదేళ్ల కిందటో యాభై ఏళ్ల కిందటో సంస్థ తరఫున ఆడిన క్రీడాకారులను విశ్వవిద్యాలయపు హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ప్రముఖుల గౌరవ జాబితాలో, చేర్చుకుంటారు. ఆట విరామంలో వారిని మైదానం మధ్యకు పిలిచి పేరుపేరునా పరిచయం చేస్తారు. ఏ కళాశాలలోనైనా జరిగే పూర్వ విద్యార్థుల వేడుకలాగే ఇదీ కనిపిస్తుంది. అయితే ఈ సంస్థల్లో సత్కారానికి మరో బాధ్యత కూడా ఉంది. ఇక్కడ ఆడిన తరాల్లో చాలావరకు పెద్ద క్రీడా సంఘాల పోటీల్లో ప్రవేశమే దొరకనివి. వారి స్కోర్లను నగరంలోని ప్రధాన పత్రికలు అచ్చువేయడమే అరుదు. అందువల్ల ఎవరు ఎప్పుడు ఏం సాధించారో రాసి పెట్టుకుని, లోకం చేత ఒప్పించే పని కూడా ఆ సంస్థల మీదే పడింది.

1964కు ముందు స్థాపితమై, నల్లజాతి అమెరికన్ల విద్యనే ప్రధాన ధ్యేయంగా పెట్టుకున్న కళాశాలలను 1965 నాటి ఉన్నత విద్యా చట్టం ‘చారిత్రక నల్లజాతి కళాశాలలు, విశ్వవిద్యాలయాలు’గా గుర్తించింది. ఇవి నేడు సుమారు వంద ఉన్నాయి. వాటిలో క్రీడాకారుల గౌరవం అనే విషయాన్ని అన్ని కోణాల్లోనూ చూపగలిగేది నాష్‌విల్ నగరంలోని టెన్నెసీ స్టేట్ విశ్వవిద్యాలయం. 1912లో నల్లజాతి ఉపాధ్యాయుల శిక్షణ కోసం, వ్యవసాయ, పారిశ్రామిక విద్య కోసం మొదలైన ఈ సంస్థ, 1968లో ఇప్పటి పేరు తెచ్చుకునే ముందు టెన్నెసీ ఏ అండ్ ఐ అన్న పేరుతో ప్రసిద్ధం. ఒకే ఆవరణ నుంచి, దాదాపు ఒకే కాలంలో, ప్రపంచంలోనే మేటి మహిళా పరుగుల జట్టూ, దేశంలో వరుసగా మూడు జాతీయ టైటిళ్లు గెలిచిన బాస్కెట్‌బాల్ జట్టూ వెలువడ్డాయి. మొదటి జట్టుకు పేరు త్వరగానే వచ్చింది, అదీ కొందరికే. రెండో జట్టు అరవై ఏళ్లకు పైగా ఎదురుచూసింది.

పరుగుల జట్టును ‘టైగర్‌బెల్స్’ అని పిలిచేవారు. దాన్ని తీర్చిదిద్దిన కోచ్ ఎడ్ టెంపుల్ 1950లో బాధ్యత తీసుకుని 1994 వరకు అక్కడే ఉన్నారు. కోచ్ పనికి తోడు ఆవరణలోని తపాలా కార్యాలయాన్ని నడిపేవారు, సమాజశాస్త్రం బోధించేవారు. ఆయన చేతికి వచ్చినప్పుడు ట్రాక్ సరిగా పూర్తయినా కాలేదు. మట్టి మీద గీతలు కూడా ఆయనే గీసుకోవలసి వచ్చేది. మహిళలకు క్రీడా ఉపకారవేతనాలు లేని రోజులు కావడంతో, పరుగుకు వచ్చిన అమ్మాయిలు ఆవరణలోనే రోజూ కొన్ని గంటలు పనిచేసి ఫీజు చెల్లించుకునేవారు. వేసవిలో ఉన్నత పాఠశాల బాలికలను పిలిపించి శిక్షణ ఇచ్చేవారు. ఆ సాధన తెల్లవారుజామునే మొదలయ్యేది. ఒకసారి విల్మా రుడాల్ఫ్ అరగంట ఆలస్యంగా నిద్రలేచి వస్తే, నిమిషానికి ఒకటి చొప్పున ముప్పై చుట్లు అదనంగా పరిగెత్తించారని, మర్నాడు ఆమె అరగంట ముందే వచ్చి కూర్చుందని ఆమె జీవిత కథనాలన్నీ చెబుతాయి. దక్షిణాది రాష్ట్రాల్లో పోటీలకు కార్లలో వెళ్లేటప్పుడు దారిలోని హోటళ్లు, పెట్రోలు బంకుల మరుగుదొడ్లు నల్లవారికి నిషిద్ధం. కాబట్టి తిండి మూటలు కట్టుకుని బయల్దేరి, అవసరమైన చోట పొలాల పక్కన ఆగుతూ వెళ్లేవారు.

ఆ ఇబ్బందుల మధ్య టెంపుల్ దగ్గర తర్ఫీదు పొందినవారిలో 40 మంది ఒలింపిక్ క్రీడల్లో పాల్గొన్నారు. వారు తెచ్చిన పతకాలు 23. అందులో 13 స్వర్ణాలు, 6 రజతాలు, 4 కాంస్యాలు. దాదాపు అందరూ పట్టభద్రులై బయటికి వచ్చారు. టెంపుల్ తన జీవితాంతం పతకాల లెక్క కంటే డిగ్రీల లెక్కనే ముందు చెప్పేవారు. చదువు సాగకపోతే పరుగు సాగనివ్వని మనిషికి అది సహజమే. ఒక కోచ్‌ను గౌరవించాలంటే ఏ కొలత పట్టుకోవాలన్న ప్రశ్నకు ఆయన స్వయంగా ఇచ్చిన జవాబుగా దీన్ని తీసుకోవచ్చు.

మిల్ఖా సింగ్ 400 మీటర్ల పరుగులో నాలుగో స్థానంలో నిలిచిన 1960 రోమ్ ఒలింపిక్స్‌లోనే విల్మా రుడాల్ఫ్ 100 మీటర్లు, 200 మీటర్లు, 4×100 మీటర్ల రిలేలో మూడు స్వర్ణాలు గెలిచారు. ఇరవై రెండు మంది సంతానంలో ఇరవయ్యో బిడ్డగా పుట్టి, చిన్నతనంలో పోలియోతో ఎడమ కాలు చచ్చుబడి, ఏళ్ల తరబడి కాలికి ఇనుప పట్టీతో నడిచిన అమ్మాయి ఆమె. ఈ కథ ఎంతగా ప్రచారమైందంటే, ఆ రిలేలో ఆమెతో పరిగెత్తిన మిగతా ముగ్గురు దాదాపు కనుమరుగయ్యారు. మార్తా హడ్సన్, లూసిండా విలియమ్స్, బార్బరా జోన్స్ ముగ్గురూ అదే విశ్వవిద్యాలయం విద్యార్థినులే. అంటే అమెరికా జట్టుగా బరిలోకి దిగిన ఆ నలుగురూ నిజానికి ఒకే కళాశాల జట్టు. చివరి మార్పిడిలో బ్యాటన్ తడబడి అడుగు వెనకపడ్డా రుడాల్ఫ్ అందరినీ దాటి గెలిపించడం చరిత్రలో నిలిచిపోయింది. అంతకుముందు మూడు వందల మీటర్లూ ఎవరు పరిగెత్తారన్నది మాత్రం టెన్నెసీ స్టేట్ వాళ్లే గుర్తుంచుకుని చెబుతూ రావలసి వచ్చింది.

పతకాలతో తిరిగొచ్చాక సొంత ఊళ్లో ఎలాంటి ఆదరణ దొరికిందన్న విషయంలో రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడదగ్గవి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో హైజంప్‌లో 1.68 మీటర్లు దూకి, ఒలింపిక్ స్వర్ణం సాధించిన తొలి నల్లజాతి మహిళగా నిలిచిన ఆలిస్ కోచ్‌మన్ అంతకుముందు టస్కెగీలోనూ, ఆ తర్వాత ఆల్బనీ స్టేట్‌లోనూ చదువుకున్నారు. రెండూ నల్లజాతి కళాశాలలే. ఆమెకు పతకం అందించింది బ్రిటన్ రాజు ఆరో జార్జి. జార్జియా రాష్ట్రంలో అట్లాంటా నుంచి సొంత ఊరు ఆల్బనీ దాకా 175 మైళ్ల దారి పొడవునా ఆమెను ఊరేగింపుగా తీసుకొచ్చారు. ఊళ్లోని సభామందిరంలో మాత్రం తెల్లవారిని ఒకవైపు, నల్లవారిని మరోవైపు కూర్చోబెట్టారు. వేదిక మీద ఉన్న మేయర్ ఆమెతో చేయి కలపలేదు, ఆమెకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. సభ ముగిశాక ఆమె పక్క ద్వారం గుండా బయటికి వెళ్లవలసి వచ్చింది. సన్మానం జరిగిందని చెప్పుకోవడానికి అన్నీ ఉన్నాయి, మర్యాద ఒక్కటి లేదు.

పన్నెండేళ్ల తర్వాత రుడాల్ఫ్ సొంత ఊరు క్లార్క్స్‌విల్ ఆమెకు స్వాగతం ఏర్పాటు చేయబోతే, నల్లవారికీ తెల్లవారికీ వేర్వేరుగా జరిగే వేడుకకు తాను రానని ఆమె స్పష్టంగా చెప్పారు. వర్ణ విభజనను సమర్థిస్తూ ఎన్నికైన బఫర్డ్ ఎలింగ్టన్ అప్పటికి టెన్నెసీ గవర్నర్. 1960 అక్టోబరు 4న జరిగిన ఊరేగింపు, ఆ సాయంత్రం జరిగిన విందు ఆ ఊరి చరిత్రలో అందరూ కలిసి కూర్చున్న తొలి పౌర కార్యక్రమాలుగా నమోదయ్యాయి. అప్పటికి ఇరవై ఏళ్ల అమ్మాయి పెట్టిన షరతు అది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆమె చదువుతున్న విశ్వవిద్యాలయం విద్యార్థులు, ఫిస్క్ వంటి పొరుగు కళాశాలల వారితో కలిసి నల్లవారికి వడ్డించని నాష్‌విల్ దుకాణాల్లోని భోజనశాలల్లో బైఠాయింపులు జరిపారు. అక్కడ బల్లల దగ్గర కూర్చుని అవమానాలు పడ్డవారికీ, పతకాలు మెడలో వేసుకుని ఊరేగింపులో నిలబడ్డ ఆమెకూ కావలసింది ఒకటే. గౌరవాన్ని ఏ షరతుల మీద స్వీకరించాలో గౌరవం పొందేవారే నిర్ణయించడం ఎంత ముఖ్యమో ఈ రెండు సభలూ చెబుతున్నాయి. పూర్వ క్రీడాకారులను సత్కరించే ప్రతి సంఘమూ ఇది తెలుసుకోవాలి.

విశ్వవిద్యాలయం తన వంతుగా చేసినవి క్రమంగా పోగయ్యాయి. ట్రాక్‌కు 1978లో టెంపుల్ పేరు పెట్టారు. 1994 నవంబరులో రుడాల్ఫ్ యాభై నాలుగేళ్లకే కన్నుమూశాక, మరుసటి ఏడాది ఒక విద్యార్థి వసతిగృహానికి ఆమె పేరు పెట్టారు. 2015లో నాష్‌విల్ బేస్‌బాల్ స్టేడియం దగ్గర టెంపుల్ కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించినప్పుడు ఆయన సజీవులై ఉండి చూడగలిగారు. మరుసటి ఏడాది మరణించారు. 1964, 1968 ఒలింపిక్స్‌లలో 100 మీటర్ల స్వర్ణాన్ని గెలిచి, ఆ పరుగులో టైటిల్ నిలుపుకున్న తొలి వ్యక్తిగా నిలిచిన మరో టైగర్‌బెల్ వయోమియా టయస్ పేరు మాత్రం చాలామందికి ఈనాటికీ తెలియదు. పురుషుల్లో కూడా అంతకుముందు ఎవరూ ఆ పని చేయలేదు. 1968లో మెక్సికో నగరంలో పతక వేదికపై జాతివివక్షకు నిరసనగా పిడికిలి ఎత్తినందుకు అమెరికా జట్టు నుంచి పంపివేయబడిన పరుగువీరులు టామీ స్మిత్, జాన్ కార్లోస్‌లకు ఆమె తన రిలే స్వర్ణాన్ని అంకితం చేశారు. ఆ ఇద్దరి బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. ఆమె అంకితాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఆమె పుట్టిన జార్జియాలోని గ్రిఫిన్ పట్టణంలో ఒక ఉద్యానవనానికి ఆమె పేరు ఉంది. ఇంత పెద్ద రికార్డుకు దక్కిన కొద్దిపాటి ప్రచారం చూస్తే, నల్లజాతి మహిళా క్రీడాకారులు జాతి, లింగం అనే రెండు అడ్డుగోడలు దాటవలసి వచ్చిందని తేలిగ్గానే అర్థమవుతుంది.

ఇప్పుడు రెండో జట్టు సంగతి. జాన్ మెక్లెండన్ శిక్షణలో టెన్నెసీ ఏ అండ్ ఐ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 1957, 1958, 1959లో వరుసగా మూడు ఎన్.ఏ.ఐ.ఏ. (ఎక్కువగా చిన్న కళాశాలలు సభ్యులుగా ఉన్న జాతీయ క్రీడా సంఘం) జాతీయ టైటిళ్లు గెలిచింది. కళాశాల బాస్కెట్‌బాల్‌లో వరుసగా మూడు జాతీయ టైటిళ్లు గెలిచిన తొలి జట్టు అదే. మెక్లెండన్ కాన్సాస్ విశ్వవిద్యాలయంలో, ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ దగ్గరే విద్యార్థిగా ఉన్నారు. నల్లవారిని జట్టులోకి తీసుకోని రోజులు కావడంతో ఆ విశ్వవిద్యాలయం తరఫున మాత్రం ఆడలేకపోయారు. కాన్సాస్ సిటీలో జరిగే జాతీయ టోర్నమెంటుకు తన జట్టును తీసుకెళ్లాలంటే, మిగతా జట్లు దిగే హోటల్లోనే తన ఆటగాళ్లకూ గదులు ఇవ్వాలని ఆయన షరతు పెట్టి సాధించుకున్నారు. ఆట నెగ్గడం కంటే ఆ గది తాళంచెవి సంపాదించడం తక్కువ పనేమీ కాదు.

మూడు టైటిళ్లు గెలిచినా దేశం ఆ జట్టును మరిచిపోయింది. ప్రధాన పత్రికల దృష్టి పెద్ద తెల్లజాతి విశ్వవిద్యాలయాల టోర్నమెంటు మీదే ఉండేది, చరిత్ర రాసేటప్పుడు కూడా ఆ టోర్నమెంటు రికార్డులనే తిరగేసేవారు. ఆ జట్టు ఆటగాళ్లలో డిక్ బార్నెట్ తర్వాత న్యూయార్క్ నిక్స్ అనే వృత్తి బాస్కెట్‌బాల్ జట్టులో 1970, 1973 చాంపియన్‌షిప్‌లు గెలిచారు, ఆ జట్టు ఆయన 12వ నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా ఉంచేసింది. ఆయన ఆ తర్వాత విద్యారంగంలో డాక్టరేట్ పొందారు. వృద్ధాప్యంలో ఆయన పట్టుబట్టి నడిపిన ప్రచారం తన పేరు కోసం చేసింది కాదు. కళాశాల రోజుల జట్టంతటికీ గుర్తింపు కోసం ఉత్తరాలు రాస్తూ, కమిటీల చుట్టూ తిరుగుతూ ఏళ్లు గడిపారు. చివరికి 2019లో నైస్మిత్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆ మూడేళ్ల జట్లను మొత్తంగా చేర్చుకుంది. 2024 ఏప్రిల్‌లో, తొలి టైటిల్‌కు అరవై ఏడేళ్ల తర్వాత, జీవించి ఉన్న కొద్దిమంది ఆటగాళ్లు వైట్‌హౌస్‌లో ఉపాధ్యక్షురాలు కమలా హారిస్‌ను కలిశారు. టైటిల్ గెలిచిన జట్లను అక్కడికి ఆహ్వానించడం అమెరికాలో చాలాకాలంగా వస్తున్న ఆనవాయితీ. అదే సంవత్సరం బార్నెట్‌ను వ్యక్తిగతంగా కూడా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2025 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు.

ఇలాంటి గుర్తింపు ఎందుకు ఆలస్యమవుతుందన్న ప్రశ్నకు జాత్యహంకారం అన్న ఒక్క మాటతో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. అది నిజమే అయినా, దాని యంత్రాంగం తెలుసుకోవడం ముఖ్యం. హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీలు పని చేసేది రికార్డుల మీద, వార్తల మీద, చూసినవారి సాక్ష్యం మీద. స్కోరు అచ్చుకాని ఆట ఆ కమిటీల దృష్టిలో జరగని ఆటతో సమానం. నల్లజాతి కళాశాలల ఆటలను నిలకడగా నమోదు చేసినవి పిట్స్‌బర్గ్ కూరియర్, చికాగో డిఫెండర్, బాల్టిమోర్ ఆఫ్రో-అమెరికన్ వంటి నల్లజాతి పత్రికలే. పిట్స్‌బర్గ్ కూరియర్ క్రీడా విలేఖరి బిల్ నన్ ఏటా నల్లజాతి కళాశాలల మేటి ఫుట్‌బాల్ ఆటగాళ్ల జాబితా ప్రకటించేవారు. తర్వాత పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అనే వృత్తి ఫుట్‌బాల్ జట్టు ఆయన్నే ప్రతిభాన్వేషకుడిగా తీసుకుంది, ఆయన ఎరిగిన కళాశాలల నుంచి మెల్ బ్లౌంట్, జాన్ స్టాల్‌వర్త్ వంటివారు వచ్చి 1970లలో ఆ జట్టును చాంపియన్‌గా నిలిపారు. ఒక నల్లజాతి పత్రిక జాబితా అంత పెద్ద సాక్ష్యమైంది. బిల్ నన్ 2014లో మరణించగా, ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కింది 2021లో.

మరణానంతర గౌరవాల జాబితా పొడవైనది. ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయంలో చదివి 1964లో 100 మీటర్ల ఒలింపిక్ స్వర్ణం, ఆ తర్వాత వృత్తి ఫుట్‌బాల్‌లో ఏటా జరిగే తుది పోటీ అయిన సూపర్ బౌల్ రెండూ గెలిచిన బాబ్ హేస్ 2002లో మరణిస్తే, హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ను 2009లో తీసుకుంది. అదే విశ్వవిద్యాలయానికి చెందిన కెన్ రైలీ ఆటలో 65 సార్లు ప్రత్యర్థి బంతిని మధ్యలో అందుకుని ఆ తరంలో అగ్రగణ్యుడిగా నిలిచినా, 2020లో మరణించిన మూడేళ్ల తర్వాత గానీ ఆయన పేరు అక్కడ చెక్కలేదు. కుటుంబసభ్యులు వచ్చి పతకం తీసుకోవడం చూసే వారికి కన్నీరు తెప్పించవచ్చు గానీ, గౌరవాన్ని గ్రహించవలసిన మనిషి లేకుండా జరిగే గౌరవం సగమే. ఈ కొరతను గుర్తించే క్వార్టర్‌బ్యాక్‌లు (జట్టు దాడిని నడిపించే ఆటగాళ్లు) జేమ్స్ హారిస్, డగ్ విలియమ్స్ 2009లో నల్లజాతి కళాశాలల ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌ను స్థాపించారు. ఇద్దరూ లూసియానాలోని గ్రాంబ్లింగ్ విద్యార్థులే. డగ్ విలియమ్స్ 1988 జనవరిలో సూపర్ బౌల్ గెలిచిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్. బయటివారి కమిటీ తలుపు తీసేదాకా వేచి ఉండకుండా, తమ సొంత వేదికపై తమవారిని ముందుగా నిలబెట్టాలన్నది వారి ఉద్దేశం, అది సరైన ఉద్దేశమే.

డబ్బు సంగతి ఎత్తకుండా ఈ చర్చ పూర్తికాదు. విగ్రహాలు, మ్యూజియంలు, పాత ఫిల్ముల భద్రత, పత్రాల డిజిటలీకరణ, విందులు అన్నీ ఖర్చుతో కూడినవి. నల్లజాతి విశ్వవిద్యాలయాల నిధులు అదే రాష్ట్రాల్లోని పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల నిధులతో పోలిస్తే చాలా చిన్నవి. దీనికి కారణం దాతల కొరత ఒక్కటే కాదు. 1890 నాటి చట్టం కిందికి వచ్చే నల్లజాతి ల్యాండ్-గ్రాంట్ విశ్వవిద్యాలయాలకు (వ్యవసాయ, సాంకేతిక విద్య కోసం ప్రభుత్వ సాయం పొందేవి) రాష్ట్రాలు ఇవ్వవలసినంత ఇవ్వలేదని, 2023 సెప్టెంబరులో కేంద్ర విద్య, వ్యవసాయ శాఖల మంత్రులు పదహారు రాష్ట్రాల గవర్నర్లకు రాసిన లేఖల్లో లెక్కలతో చూపారు. మూడు దశాబ్దాలకు ఆ మొత్తం 1,200 కోట్ల డాలర్లకు పైనే. అందులో అన్నిటికంటే పెద్ద లోటు టెన్నెసీ స్టేట్‌ది, దాదాపు 210 కోట్ల డాలర్లు. ఒలింపిక్ రిలే జట్టుకు నలుగురినీ ఒకే ఆవరణ నుంచి పంపిన విశ్వవిద్యాలయానికి జరిగింది ఇది. మాజీ ఆటగాళ్లను ఊళ్లోకి పిలిచి శాలువా కప్పినంత మాత్రాన ఈ బాకీ తీరదు, తీరిందని రాష్ట్రాలు భావించకూడదు.

ఈ విశ్వవిద్యాలయ చరిత్రలో మరో సంఘటన ఇక్కడ గుర్తుచేయదగినది, ఆటలకు సంబంధించినది కాకపోయినా. 1961లో ఫ్రీడమ్ రైడ్స్‌లో, అంటే బస్సుల్లో వర్ణ విభజనను ఎదిరిస్తూ సాగిన ప్రయాణాల్లో, పాల్గొని జైలుకు వెళ్లిన 14 మంది విద్యార్థులను ఈ సంస్థ రాష్ట్ర గవర్నర్ ఒత్తిడితో బహిష్కరించింది. 2008లో వారికి గౌరవ డాక్టరేట్లు ఇచ్చారు. బయటివారు మరిచిన వారిని గుర్తుచేసుకోవడమే కాదు, తానే దూరం చేసుకున్న వారిని పిలిచి నిలబెట్టడం కూడా ఒక సంస్థ చేయవలసిన పని అని ఈ నిర్ణయం వల్ల స్పష్టమైంది. క్రీడా విభాగాల్లో కూడా గాయపడి ఆట మానేసినవారు, కోచ్‌తో పడక వెళ్లిపోయినవారు, తరగతులు దాటలేక మధ్యలో ఆగిపోయినవారు ఉంటారు. జాబితాల్లో వారికి ఎంత చోటు దొరుకుతుందన్నది ఆ కమిటీల నిజాయితీకి పరీక్ష.

పద్ధతి విషయంలో ఒక మార్పు అవసరమని తోస్తుంది. చాలా విశ్వవిద్యాలయాల హాల్ ఆఫ్ ఫేమ్ నిబంధనలు ఒక్కొక్క వ్యక్తి చుట్టూ అల్లుకున్నవి: పట్టా పుచ్చుకున్నాక ఇన్నేళ్లు గడవాలి, పేరు ఎవరో ప్రతిపాదించాలి, గణాంకాలు జతచేయాలి. ఈ నిబంధనల్లో విల్మా రుడాల్ఫ్ ఇమిడిపోతారు, మార్తా హడ్సన్ ఇమడటం కష్టం. 1957 నుంచి మూడేళ్ల బాస్కెట్‌బాల్ జట్టును మొత్తంగా తీసుకోవడంతో నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్ దారి చూపింది. రిలే జట్లు, ప్రత్యామ్నాయ ఆటగాళ్లు, తోడు కోచ్‌లు, ప్రయాణాల్లో డబ్బు లెక్క చూసుకున్నవారు, పోటీ రోజుల్లో కార్లు నడిపినవారు అందరినీ ఒకేసారి చేర్చుకునే వీలు విశ్వవిద్యాలయాలకు ఇంకా సులభం, ఎందుకంటే ఆ పేర్లున్న కాగితాలు వారి గ్రంథాలయాల్లోనే ఉన్నాయి. రోమ్ ఒలింపిక్స్ కాలం నాటి క్రీడాకారుల్లో జీవించి ఉన్నవారు ఇప్పుడు ఎనభై దాటినవారే. ఒక్కొక్కరి పేరూ ఏడాదికోసారి చర్చకు తెచ్చే పాత క్రమాన్ని పట్టుకుని కూర్చుంటే, వారిలో అధికభాగం మళ్లీ మరణానంతర జాబితాలోకే చేరతారు.